ట్యూబులో తీపి ఎక్కడిది?

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసేనాటికే హైదరాబాద్ నుంచి డెక్కన్ రేడియో వినిపిస్తోంది. అప్పట్లో ఇందూరు (నిజామాబాద్) సీమలో ఎవరింట రేడియో ఉన్నా అది వాల్వు (వ్యాక్యూం ట్యూబు) రేడియోయే. ట్రాన్సిస్టర్ 1947 చివర్లో గాని పుట్టలేదు. లీ డి ఫారెస్ట్ 1906-07లో గాజుబుడ్డిలో గ్రిడ్ చేర్చాక మొదలైన ఆ ట్యూబును, పాత స్పూలు టేపును ఇప్పుడు కొందరు ఇళ్లలో మళ్లీ బతికిస్తున్నారు. ట్యూబు పాటను ఉన్నదున్నట్టు వినిపిస్తుందని వాళ్ల వాదన. కొలతలు మాత్రం అది కాస్త కల్తీ చేస్తుందనే చెబుతాయి. ఆ కల్తీయే తీపి.

బెంగళూరు బీఈఎల్ కూడా తయారుచేసిన ఈఎల్84 అనే ట్యూబునే చూడండి. 250 వోల్టుల దగ్గర ఒక్క ట్యూబు 5.7 వాట్లు ఇస్తుందని తయారీదారుల పట్టిక చెబుతుంది, అదీ 10 శాతం వికృతి (డిస్టార్షన్)తో! నేటి మామూలు చిప్ యాంప్లిఫయర్ అదే శక్తి దగ్గర ఒక శాతంలో పదోవంతు కూడా దాటదు. అయినా చెవికి ట్యూబే నచ్చుతుందంటే, అది కలిపే స్వరాల తీరు అలాంటిది. 440 హెర్ట్జ్‌ల స్వరం పలికితే ఒంటరి ట్యూబు 880ని జతచేస్తుంది. షడ్జమానికి అది పై షడ్జమం. టేపు సంగతి వేరు. 1928లో ఫ్లాయిమర్ కాగితంపై ఇనుప పొడి పూసి చేసిన టేపు మొదలుకొని ఏ టేపులోనైనా అయస్కాంత పదార్థం ఒక హద్దు దాటితే నిండిపోతుంది. రెండు దిక్కులా సమంగా నిండుతుంది కాబట్టి మూడో గుణిజం, 1320, పుడుతుంది. అది పై స్థాయి పంచమం. తంబురా మీటే స్వరాలూ ఇవే కదా, మన చెవి ఎందుకు కాదంటుంది? అయితే ఇది ఒంటిగొంతుకే. 440తో పాటు 550 కూడా మోగితే, వాటి తేడా 110 పిలవని పేరంటంలా వస్తుంది. బృందగానం బురదబురద అయ్యేది అందుకే.

చెవికి నచ్చాక కొలతలెందుకని అడగవచ్చు. నిజామాబాద్ జిల్లాలో దానికి సమాధానం కరెంటు తీగలోనే ఉంది. యాసంగి వరికి మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే 230 వోల్టులు 200కి జారవచ్చు. స్థిరీకరణ లేని సర్క్యూట్‌లో ట్యూబు హీటరుకు అందే 6.3 వోల్టులు 5.5 అవుతాయి; గరిష్ఠ శక్తి దాదాపు నాలుగోవంతు పడిపోతుంది. వాల్యూం తిప్పకపోయినా వికృతి ముందే మొదలవుతుంది. పొద్దున ఒకలా, రాత్రి ఒకలా వినిపిస్తే ఆ మహిమ కొత్తగా మార్చిన కెపాసిటర్‌ది కాకపోవచ్చు, సబ్‌స్టేషన్‌ది కావచ్చు. వందలు పోసి కొత్త కెపాసిటర్ వేసే ముందు స్టెబిలైజర్ మీద వినడం మేలు.

ట్యూబు, టేపు కలిపే ఈ తీపినంతా సాఫ్ట్‌వేర్ చేయగలదనేది రెండో అభ్యంతరం. చేయగలదు, బాగానే చేస్తుంది. కానీ ఒక రెసిస్టరు మార్చి ఆ గుణిజాల పాళ్లు మారడాన్ని వినే అవకాశం ఇంటి సర్క్యూట్‌లోనే ఎక్కువ. అలా పోల్చేటప్పుడు మార్పుకు ముందు, తర్వాత శబ్దస్థాయిని మీటరుతో సమం చేయాలి. కొంచెం గట్టిగా మోగినదే చెవికి మెరుగనిపిస్తుంది. ఇక స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. డిశ్చార్జి చేయనిదే చెయ్యి పెట్టకూడదు.