విదేశాలలో చిత్రానువాద రచయితల శిక్షణ

చలనచిత్రాలకు, టెలివిజన్ ధారావాహికలకు కథ, చిత్రానువాదం, సంభాషణలు సమకూర్చే రచయితలు తమ వృత్తి నైపుణ్యమును పెంచుకొనుటకు ఇతర దేశాలలో పొందే విద్య, శిక్షణ, ఆర్థిక సహాయాలను విదేశీ చిత్రానువాద శిక్షణ అనవచ్చును. ఇందులో విశ్వవిద్యాలయ పట్టాలు, స్వల్పకాలిక రచనా శిబిరాలు, ఉపకార వేతనాలు ముఖ్యమైనవి.

నేపథ్యం

తెలుగు చిత్రసీమలో రచన చాలాకాలం గురుశిష్య పద్ధతిలోనే సాగినది. మొదట మద్రాసు, తరువాత హైదరాబాదు చేరి, పేరున్న రచయిత వద్ద సహాయకునిగా పనిచేయుట ద్వారానే కొత్తవారు ఈ విద్యను నేర్చుకొనేవారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పట్టణాల నుండి వచ్చినవారికీ ఇదే మార్గము. ఈ పద్ధతిలో సంభాషణా రచన బాగా అలవడుతుంది. అయితే ఒకే కథను పలుమార్లు తిరగరాసి, నిపుణుల చేత పరీక్షింపజేసుకొనే అవకాశం తక్కువ. విదేశీ శిబిరాలు ఈ లోటును తీరుస్తాయి.

విదేశాలలో చదివిన తెలుగువారు

* నగేష్ కుకునూర్: అమెరికాలో ఇంజనీరుగా పనిచేస్తూ అట్లాంటాలో నటన, దర్శకత్వం నేర్చుకొన్నాడు. తన సంపాదనతో 1998లో హైదరాబాద్ బ్లూస్ చిత్రాన్ని నిర్మించాడు.
* శేఖర్ కమ్ముల: వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చలనచిత్ర విద్యను అభ్యసించాడు. డాలర్ డ్రీమ్స్ (2000), ఆనంద్ (2004) చిత్రాలకు రచన, దర్శకత్వం వహించాడు.
* సంకల్ప్ రెడ్డి: ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో చదివాడు. ఘాజీ (2017) ఇతని మొదటి చిత్రం.

వీరిలో ఎక్కువమంది రచనతో పాటు దర్శకత్వం కూడా చేపట్టారు. కేవలం రచననే వృత్తిగా ఎంచుకొని విదేశాలలో శిక్షణ పొందిన తెలుగువారు అరుదు.

ముఖ్యమైన అవకాశాలు

శిబిరాలు: రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1981లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్థాపించిన సన్‌డాన్స్ సంస్థ రచయితల శిబిరం ఈ తరహా శిక్షణకు నమూనాగా నిలిచినది. ఇందులో అనుభవజ్ఞులైన రచయితలు ఒక్కొక్కరితో విడిగా కూర్చొని చిత్రానువాదమును చర్చిస్తారు. 2003లో మొదలైన బెర్లిన్ చిత్రోత్సవ ప్రతిభా శిబిరం, 2008లో మొదలైన టొరినో ఫిల్మ్ ల్యాబ్ ఐరోపాలో పేరొందినవి. కాన్ చిత్రోత్సవం 2000 నుండి పారిస్‌లో యువ దర్శకులకు వసతి కల్పించి, వారి చిత్రానువాదాలు పూర్తిచేసుకొనే వీలు ఇస్తున్నది. హిందీ చిత్రం ద లంచ్‌బాక్స్ (2013) చిత్రానువాదం టొరినో శిబిరంలో మెరుగుదిద్దబడినది. భారత జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007లో ప్రారంభించిన రచయితల శిబిరం కూడా కొన్ని విడతలను విదేశీ చిత్రోత్సవాల వద్ద నిర్వహించినది.

ఆర్థిక సహాయం: రాటర్‌డామ్ చిత్రోత్సవానికి చెందిన హ్యూబర్ట్ బాల్స్ నిధి భారతదేశం వంటి దేశాల చిత్రాలకు రచనా దశలోనే సహాయం చేస్తుంది. ఉన్నత విద్యకు అమెరికాలో ఫుల్‌బ్రైట్-నెహ్రూ, బ్రిటన్‌లో చీవెనింగ్ ఉపకార వేతనాలు, చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు సహాయం ఉన్నవి. 1967లో స్థాపించబడిన అయోవా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ రచనా కార్యక్రమము ప్రచురిత రచయితలకు, నాటక, చిత్రానువాద రచయితలకు ఆతిథ్యం ఇస్తుంది.

భాషా సమస్య

తెలుగు రచయితలకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి భాష. పల్నాటి యాసలో సహజంగా పలికే సంభాషణ ఆంగ్లంలోకి మారినప్పుడు దాని పదును పోతుంది. అయితే చాలా శిబిరాలు పరిశీలించేది సంభాషణల సొగసును మాత్రమే కాదు. కథా నిర్మాణమును, పాత్రల సంఘర్షణను, ఆ కథను ఈ రచయితే ఎందుకు చెప్పాలి అనే ప్రశ్నకు లభించే సమాధానమును కూడా. కనుక ఆంగ్ల పట్టా లేనివారు సైతం మంచి అనువాదకుని సహాయంతో ప్రయత్నించవచ్చును. అనువాదమునకు అయ్యే ఖర్చు, సమయం ముందుగానే లెక్కలో వేసుకోవలసి ఉంటుంది.

పల్నాటి కథలు

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధము ఇంతవరకు రెండు ప్రసిద్ధ చిత్రాలకు ఆధారమైనది. 1947 నాటి చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, 1946లో ఆయన మరణించిన తరువాత ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. 1966 నాటి చిత్రానికి గుత్తా రామినీడు దర్శకుడు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగెయిర్ ఈ వీరగాథను జానపద గాయకుల నోట విని, దానిపై 1982లో ఆంగ్ల గ్రంథాన్ని వెలువరించాడు. అందుచేత కారంపూడి కథను విదేశీయులకు పరిచయం చేయదలచిన రచయితకు ఆంగ్లంలో కొంత ఆధారం సిద్ధంగానే ఉన్నది. అయితే గాథను పాడుతూ కాపాడిన గాయకులను గుర్తించి, వారికి తగిన గౌరవం, ప్రతిఫలం ఇచ్చుట రచయిత బాధ్యత.

హక్కుల రక్షణ

కథను విదేశాలకు పంపుటకు ముందు కాపీరైటు కార్యాలయంలో గాని, రచయితల సంఘంలో గాని నమోదు చేసుకొనుట మంచిది. కాపీరైటు రక్షణకు నమోదు తప్పనిసరి కాకపోయినను, వివాదం వచ్చినప్పుడు అది సాక్ష్యంగా ఉపకరిస్తుంది. 2012లో సవరించబడిన భారత కాపీరైటు చట్టం ప్రకారం, సినిమాహాలులో ప్రదర్శనకు వెలుపల జరిగే వినియోగంపై వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా పొందే హక్కు కలదు. దీనిని వారసులకు, కాపీరైటు సంఘానికి తప్ప ఇతరులకు వదులుకొనుటకు వీలులేదు. విదేశీ ఒప్పందాలు ఆయా దేశాల చట్టాలకు లోబడి ఉండవచ్చును. కావున సంతకం చేయుటకు ముందు న్యాయవాదిని సంప్రదించుట అవసరం.