గీసిన మనిషి ఎందుకు ఒరిగిపోతాడు?

హైదరాబాద్ పాత నగరం గోడకున్న 13 దర్వాజాల్లో నేటికీ మిగిలినవి రెండే. వాటిలో ఒకటైన దబీర్‌పురా దర్వాజా దగ్గర ఆటో కోసం నిలబడ్డవాళ్లను చూడండి. ఎవరూ కర్రలా నిటారుగా ఉండరు. బరువంతా ఒక కాలి మీద వేస్తారు. ఆ వైపు నడుము పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది. ఒళ్లు అలా తూకం సర్దుకుంటుంది. మనమేమో భుజాలూ నడుమూ సమానంగా గీసేస్తాం, బొమ్మ బిగుసుకుపోతుంది.

మెడ కింది గుంట నుంచి నిలువుగా గీత దించండి. ఒంటికాలి మీద బరువేసిన మనిషికి అది ఆ పాదం దగ్గరే దిగాలి. పక్కకు పోయిందా, బొమ్మ ఒరిగినట్టే! వీపున బస్తా ఉన్నవాడి లెక్క వేరు: బస్తా వెనక్కి లాగుతుంది, అందుకే ఒళ్లు ముందుకు వంగుతుంది.

కళ్లూ ముక్కూ తర్వాత. ముందు తల నుంచి మడమదాకా ఒకే వంపుగీత. త్వరగా గీయండి, ఆటో వచ్చేస్తుంది!