తెలుగు పత్రికల జాడ : గ్రంథాలయ సూచీల సంస్కరణము

ఆధునికాంధ్ర సాహిత్య చరిత్రకు గ్రంథములెంత యాధారములో పత్రికలును అంత యాధారములు. భాషావాదములు, శాసన పరిష్కరణములు, కాల నిర్ణయ చర్చలు మొదట పత్రికలలోనే వెలువడినవి. వానిలో ననేకము పుస్తకరూపమునకు రాకయే నిలిచిపోయినవి. గ్రంథమును వెదకుటకు కర్తృనామమో, గ్రంథనామమో తెలిసిన చాలును. పత్రికావ్యాసమునకు పత్రిక పేరు, సంపుటము, సంచిక, పుట యను నాలుగు గుర్తులు కావలయును. ఈ గుర్తులు చెదరుటకు గల కారణములను, వానిని సరిచేయు విధమును వివరించుట యీ వ్యాసోద్దేశము.

స్వరాష్ట్రమునకు వెలుపల నున్న పాఠకునకు ఈ విషయము మరింత ముఖ్యము. బిలాస్‌పూరును ఉదాహరణముగా గైకొందము. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగువారు ఉద్యోగార్థమై యీ ప్రాంతమునకు వచ్చుచుండిరి. 1931లో విజయనగరము-రాయపూరు మార్గము పూర్తియగుటతో రాకపోకలు సులభమైనవి. 2003లో ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. 1983లో స్థాపితమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. కాని తెలుగు పత్రికల పాత సంపుటములకై యిచ్చటి పరిశోధకుడు వేటపాలెపు సారస్వత నికేతనమునకో, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమునకో, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రమునకో పోవలసియుండును. ఏ సంపుటము ఎచ్చట నున్నదో ముందు తెలియనిచో ప్రయాణము వ్యర్థమగును.

ఎలక్ట్రానిక్ ప్రతులు వచ్చిన పిదప నీ కష్టము తీరినదని కొందఱందురు. 2025 జనవరి 1న ఆరంభమైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకమువలన 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు లభించుచున్నవి. అయితే అవి ప్రధానముగా అంతర్జాతీయ ప్రచురణలు. మన పాత సాహిత్య పత్రికలు ఆ కోవలోనివి కావు. తెలుగు పత్రికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినది. ఇంటర్నెట్ ఆర్కైవులోను కొన్ని సంపుటములు కలవు. కావున నేడు ప్రతుల కొఱతకంటె దారిచూపు పట్టికల కొఱతయే యెక్కువ.

దీనికి మూడు కారణములు కలవు. మొదటిది పేరు. గిడుగు రామమూర్తి 1919లో నడపిన పత్రిక పేరు ‘తెలుగు’. ఈ మాటతో కంప్యూటరులో వెదకినచో తెలుగు భాషకు సంబంధించిన సమస్తమును వచ్చును గాని పత్రిక రాదు. ‘భారతి’ యన్నచో 1924లో మదరాసున వెలసి 1991 వఱకు నడచిన మన మాసపత్రికయే కాక, 1877లో పుట్టిన వంగ పత్రికయు కలదు. రోమను లిపిలో నీ పేరును వ్రాయునపుడు తకారమునకు ఒకరు హకారము చేర్తురు, ఒకరు చేర్పరు. ‘తెనుఁగు’ అని అరసున్నతోను, ‘తెనుగు’ అని అది లేకయు వ్రాసిన రూపములను యంత్రము వేర్వేఱు పదములుగా గ్రహింపవచ్చును. పత్రికలకిచ్చు ఎనిమిదంకెల అంతర్జాతీయ సంఖ్య యీ చిక్కును తీర్పగలదు. కాని అది 1970 దశకమున నేర్పడినది గనుక, అంతకుముందే యాగిపోయిన పత్రికలపై ముద్రింపబడి యుండదు.

రెండవది కాలము. పాత సంచికలపై తెలుగు సంవత్సర నామములు ముద్రింపబడినవి. రుధిరోద్గారి 1923 ఉగాదితో మొదలై 1924 వసంతమున ముగిసినది. అఱువదేండ్లకు 1983లో మరల వచ్చినది. పట్టికలో ఏ యొక్క లెక్కనే వ్రాసినను రెండవ లెక్కతో వెదకువానికి సంచిక దొరకదు.

మూడవది, స్కాన్ చేసిన సంపుటమంతయు నొకే వస్తువుగా నమోదగుట. అందలి వ్యాసముల పేర్లు, రచయితల పేర్లు పట్టిక కెక్కవు.

పరిహారము కష్టసాధ్యము కాదు. ఒక్కొక్క పత్రికకు ఒకే నమోదు ఉండవలెను. ముద్రిత ప్రతి యున్న తావు, ఎలక్ట్రానిక్ ప్రతి యున్న తావు అందులోనే కనబడవలెను. పేరును తెలుగు లిపిలో వ్రాసి, రోమను రూపాంతరములన్నింటిని జతపఱుపవలెను. తెలుగు సంవత్సరము, మాసములతోపాటు క్రీస్తు శక తేదీని చూపవలెను. ఉన్న సంచికలనే కాక, లేని సంచికలను గూడ పేర్కొనవలెను. విషయసూచిక పుటలను చూచి వ్యాసముల పేర్లను, రచయితల పేర్లను ఎక్కింపవలెను. ఒక్కొక్క పరిశోధక విద్యార్థి ఒక్కొక్క సంపుటమును గైకొన్నచో నీ పని క్రమముగా సాగును. పాఠకుని కాలమును మిగుల్చుట గ్రంథాలయ ధర్మమని రంగనాథన్ 1931లోనే తన నాలుగవ సూత్రమున నిర్దేశించియున్నారు.

పట్టికలో కానరానిది లేనిదేయని పరిశోధకుడు తలచుట సహజము. అప్పుడాతడు ‘ఈ విషయమును పూర్వులెవ్వరును చర్చింపలేదు’ అని తన సిద్ధాంత గ్రంథమున వ్రాయును. ఎన్నడో చర్చించిన విద్వాంసుని కృషి మఱుగుపడును. ఆ వాక్యమును తరువాతివారు ప్రమాణముగా గైకొందురు. పత్రికల సూచి సమగ్రము కానంతవఱకు మన సాహిత్య చరిత్రలోని యిట్టి నిర్ణయములను తుది నిర్ణయములుగా నెంచరాదు.