కర్షకుడును పాదరక్షలును

ఏరువాక పున్నమి వచ్చినదనగా మన పల్లెలలో ఎద్దుల గిట్టలు కడిగి, పసుపు పూసి, కొమ్ములకు రంగులు వేయుదురు. బండి లాగు ఎద్దునకు నాడాలు కొట్టింతురు. ట్రాక్టరు గల వారు దాని చక్రములలో గాలి చాలినంత కలదో లేదో చూచుకొందురు. ఎద్దు కాలిని గూర్చియు, ట్రాక్టరు చక్రమును గూర్చియు ఇంత జాగ్రత్త వహించు కర్షకుడు తన కాలిని మాత్రము మఱచును. "మా తాతముత్తాతలు చెప్పులు తొడిగి సేద్యము చేసిరా?" అని నవ్వును. ఈ నవ్వు ఎంత ఖరీదైనదో ఈ రచయిత అనుభవముచే నెఱిగియున్నాడు.

కొన్నియేండ్ల క్రిందట ఊడ్పుల దినములలో నేను వట్టి కాళ్ళతో గట్టుమీద నడచుచు ఒక తుమ్మముల్లును త్రొక్కితిని. ముల్లు పెఱికి పాఱవైచి మరల అడుసులో దిగితిని. మూడవనాటికి అరికాలు వాచి చీము పట్టినది. వైద్యుడు కోసి కట్టు కట్టెను. రెండు వారములు మంచము దిగరాదని శాసించెను. నారు ముదిరినది. కూలీలను పిలుచుటకును, నీరు కట్టుటకును దిక్కు లేక నాటు ఆలస్యమైనది. ఆ యేడు దిగుబడిలో కలిగిన నష్టముతో ఇంటిల్లిపాదికి పదియేండ్లు చాలు పాదరక్షలు వచ్చియుండెడివి. తోడి సభ్యుల కట్టి నష్టము కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వట్టి కాలికి గల ముప్పులు

ముల్లును గాజుపెంకును అందఱకు కనబడు శత్రువులు. కనబడనివి వేఱుగ కలవు. వానిలో మొదటిది కొంకిపురుగు. మానవ మలముతో కలిసిన తడినేలలో దీని గ్రుడ్లు పొదిగి సన్నని పిల్లపురుగులై, వట్టి పాదముల చర్మమును తొలుచుకొని లోనికి పోవును. కడకు ప్రేగులకు చేరి రక్తము పీల్చును. 1898 ప్రాంతమున కైరో నగరములో ఆర్థర్ లూస్ అను శాస్త్రజ్ఞుడు ఈ పురుగులుగల నీరు పొరపాటున తన చేతిపై పడగా, అవి చర్మము గుండనే ప్రవేశించునని కనుగొనెను. ఒడలు పాలిపోవుట, నాలుగడుగులు వేయగనే రొప్పుట, పనికి ఓపిక లేకుండుట దీని లక్షణములు. మరుగుదొడ్డియు, చెప్పులును, వైద్యుడిచ్చు మాత్రయు ఈ మూడును దీనికి మందు.

రెండవది ఎలుకజ్వరము. ఎలుక మూత్రము కలిసిన పొలపు నీటినుండి ఈ వ్యాధిబీజము, నీటిలో నాని మెత్తబడిన చర్మము ద్వారమునను, చిన్నచిన్న గాయముల ద్వారమునను శరీరమున చొచ్చును. మూడవది ధనుర్వాతము, దీనికి టీకా కలదు, పదియేండ్ల కొకసారి మరల వేయించుకొనవలెను.

ఇక పాములు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ననుసరించి 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షల మంది, అనగా సగటున ఏటికి 58,000 మంది మరణించిరని అంచనా. వారిలో అత్యధికులు గ్రామవాసులు. సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల మాసములలోనే సంభవించినవి. మిక్కిలి హెచ్చుగ మరణములు గల రాష్ట్రములలో మన తెలుగుసీమయు నొకటి. త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగును ముఖ్యశత్రువులు. పొలములో పాము కఱచునది ఎక్కువగ కాలినే. మోకాలి క్రిందివఱకు వచ్చు దళసరి బూటు, చేతిలో దీపము, ముందు నేలను తట్టు కఱ్ఱ, ఈ మూడును గలవానికి ముప్పు చాల తగ్గును. పూర్తిగ తొలగునని మాత్రము చెప్పరాదు; రక్తపింజర కోఱలు పొడవైనవి. కాటు పడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట మొదలైన పనులు చేయక, కదలకుండ నుండి, 108 వాహనమును పిలిచి తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఏ నేలకు ఏ పాదరక్ష?

అన్ని పనులకు పనికివచ్చు జోడు ఒకటి ఎచ్చటను లేదు. కర్షకుడు నడచు నేల మూడు విధములు: ఊరినుండి పొలమునకు పోవు బాట, తడిసిన గట్లు, కాలువలు, దమ్ము చేసిన మడి. ఈ మూటికిని ఒక్కటే జోడు వెదకువాడు మూడింటను కష్టపడును.

బాటకును మెట్టపొలమునకును మడమ వెనుక వారుగల తోలుచెప్పులో, దళసరి అట్టగల బూట్లో చాలును. అరిగిన మోటారు టైరును కోసి అట్ట వేసిన చెప్పులు చూపునకు మోటుగ నున్నను, ముల్లు దిగక యేండ్ల తరబడి మన్నును. బొటనవ్రేలి సందున మాత్రమే పట్టియుండు రబ్బరు చెప్పులు ఇంటి వాకిటికి తగునుగాని గట్లకు తగవు. అడుసులో అట్ట అంటుకొనిపోవును, కాలు జాఱును.

తడిసిన గట్లకును, నీరు కట్టుటకును, రాత్రివేళ మోటారు వేయ బోవుటకును, పురుగుమందు చల్లుటకును పొడవైన రబ్బరు బూట్లకు మించినవి లేవు. వీని చరిత్ర కర్షకులతోనే ముడిపడియున్నది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఎండకు కరగక చలికి పగులక యుండునట్లు చేయు విధానమును కనిపెట్టెను. 1853లో హిరామ్ హచిన్సన్ అను నాతడు ఆ విధానముతో ఫ్రాన్సు దేశమున పాదరక్షల కర్మాగారము స్థాపించెను. అంతవఱకు కొయ్యజోళ్ళతో పొలము దున్నుచుండిన అచ్చటి రైతులు, సాయంకాలము పొడి కాళ్ళతో ఇల్లు చేరుట తొలిసారి చూచిరి.

దమ్ము చేసిన మడిలో మాత్రము ఈ బూట్లు పనికిరావు. అడుగు తీయగ బూటు అడుసులో నిలిచిపోవును, కాలు మాత్రమే పైకి వచ్చును. ఈ చిక్కును జపాను వారు వేఱొక తెఱగున తీర్చుకొనిరి. అచ్చట ఒకప్పుడు శ్రామికులు గడ్డితో అల్లిన చెప్పులు తొడుగుచుండిరి. అవి బహు త్వరలో చినిగిపోవుచుండెడివి. 1923లో ఇషిబాషి షోజిరో అను వర్తకుడు కురుమె పట్టణమున గుడ్డజోళ్ళకు రబ్బరు అట్ట అతికి విక్రయింప నారంభించెను. (ఈతడే పిదప 1931లో బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల సంస్థను స్థాపించినవాడు.) నేడు ఆ దేశమున వరినాట్లకై పలుచని రబ్బరుతో పిక్కను, చీలమండను బిగువుగ పట్టియుండు ప్రత్యేకపు బూట్లు కలవు. మన మడులలో దినమంతయు వంగి నాట్లు వేయునది స్త్రీలు. కాళ్ళు పాచిపోయి బాధపడునదియు వారే. ఇట్టివి మనకును లభించునట్లు యత్నింపవలెను. అంతవఱకు పని ముగిసిన వెంటనే మంచినీట కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి ఆఱనిచ్చుట తప్పనిసరి.

కొలత

వెల పెట్టి కొన్న జోడు మూల బడియుండుటకు ముఖ్యకారణము కొలత తప్పుట. దినమంతయు నడచిన పాదము సాయంకాలమునకు కొంచెము వాచును. కావున సాయంకాలముననే కొలువవలెను. నేలమీద కాగితము పఱచి, దానిపై బరువు మోపి నిలుచుండి, రెండు పాదముల చుట్టును గీత గీయింపవలెను. రెండు పాదములు సమానముగ నుండుట అరుదు. పెద్దదానికి సరిపోవు జోడు తీసికొనవలెను. అన్నిటికంటె పొడవైన వ్రేలికిని బూటు కొనకును నడుమ ఒక సెంటీమీటరునకు పైగా ఖాళీ యుండవలెను. మేజోళ్ళు తొడుగు నలవాటున్నచో వానితోనే తొడిగి చూడవలెను.

అంకెను మాత్రమే నమ్మరాదు. ఇంగ్లీషు కొలతలో అంకెకు అంకెకు నడుమ అంగుళములో మూడవవంతు భేదము. ఫ్రెంచి కొలతలో సెంటీమీటరులో మూడింట రెండువంతులు. ఒక కర్మాగారపు 8వ అంకె మఱియొకదాని 8వ అంకెతో కలియదు. పైగా ఈ కొలతలు పరదేశపు పాదములకై ఏర్పడినవి. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయము వారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వఱకు దేశమున 79 చోట్ల లక్షకు పైగా జనుల పాదములు కొలిపించి, మనవారి పాదములు వెడల్పైనవని తేల్చిరి. 'భ' యను పేర స్వదేశపు కొలతను ప్రతిపాదించిరి. బిడ్డనాటినుండి వట్టి కాళ్ళతో నడచిన కర్షకుని పాదము వ్రేళ్ళు విచ్చుకొని మఱింత వెడల్పుగ నుండును. కావున ముందుభాగము విశాలముగ నున్న జోడునే కోరవలెను. "తొడుగగ తొడుగగ సాగును" అని అంగడివాడు చెప్పు మాట తోలునకు కొంత నిజము, రబ్బరునకు అబద్ధము.

బూటు పరీక్ష

మొదట బూటును చేతితో వంచి చూడవలెను. వ్రేళ్ళు మొదలగు చోట వంగవలెను. నడుమ వంగినచో కాలు నొచ్చును. మడమ లోపల పైకి క్రిందికి ఆడరాదు. ఆడినచో ఒరసి బొబ్బ లెక్కును. అట్టమీది గాళ్ళు లోతుగను ఎడముగను ఉన్నచో అడుసు రాలిపోవును. సన్ననివైనచో బురద నిండి జాఱును. నీరు చొచ్చునో లేదో చూచుటకు సైకిలు ట్యూబు పరీక్షించు తెఱగే మేలు: బూటు పైభాగము మూసిపట్టి నీటిలో ముంచి నొక్కినచో, రంధ్రమున్న చోట బుడగలు వెడలును. ఐ.ఎస్.ఐ. గుర్తు కలదేమో చూడవలెను. నిజమైన రబ్బరు మెత్తనిది, చక్కగ వంగును, వెల హెచ్చు. పి.వి.సి. బూటు చౌక, బిరుసు. రబ్బరునకు డీజిలు, ఇంజను నూనె శత్రువులు. అవి పడినచో వెంటనే కడుగవలెను. పురుగుమందు చల్లునపుడు లాగు కాళ్ళు బూటు వెలుపల నుండవలెను. లోపల దోపినచో జాఱిన మందంతయు బూటులోనికే చేరును.

పట్టణపు అంగళ్ళలో నీరు చొరదు, చెమట నిలువదు అను బూట్లు వచ్చుచున్నవి. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ కనిపెట్టిన సన్నని పొర వంటిది వానిలో నుండును. దాని రంధ్రములగుండ నీటిబొట్టు దూరదు, ఆవిరి దూరును. కాని లోపలికంటె వెలుపలి గాలి పొడిగ నున్నపుడే ఆవిరి వెడలును. మన శ్రావణ భాద్రపదముల ఉక్కలో ఆ గుణము చాలవఱకు వ్యర్థము. పైనుండి నీరు నిండినచో అవి ఆఱుటకు చాల కాలము పట్టును. అంత వెల పెట్టి వానిని కొనుట మన పొలమునకు తగదు.

తోలు చెప్పు, దాని పోషణ

మన చర్మకారులు పూర్వమునుండి తంగేడు చెక్కతోను, కరక్కాయతోను తోలును ఊనుచుండిరి. ఇట్టి తోలు గాలి నాడనిచ్చును, పాదపు రూపునకు ఒదుగును. కాని తడిసి ఎండలో ఆఱినచో తడిసిన కుక్కిమంచము వలె బిగిసి, కాలిని కఱచును. కావున తడిసిన జోడును నీడలోనే, లోపల పాతకాగితములు కూరి ఆఱబెట్టవలెను, పొయ్యివద్ద పెట్టరాదు. ఆఱిన పిదప ఆముదము పలుచగ పూసినచో మెత్తబడి, నీటి నోర్చును. రబ్బరు బూట్లను కడిగి, ఎండ తగులనిచోట తలక్రిందులుగ కఱ్ఱలకు తగిలింపవలెను. ఉదయమున తొడుగుటకు ముందు బోర్లించి తట్టుట ఎన్నడు మఱవరాదు. తేలు, జెఱ్ఱి, పాముపిల్ల దూరియుండుట కలదు.

మధుమేహము గలవారి కొక ప్రత్యేక హెచ్చరిక. వారి పాదములకు స్పర్శజ్ఞానము తగ్గియుండును. ముల్లు దిగినను తెలియదు. వారు ఇంటిలో సైతము వట్టి కాళ్ళతో నడువరాదు. ప్రతిరాత్రియు అరికాళ్ళు చూచుకొనవలెను. జోడులో చేయి పెట్టి తడవి చూచిన పిదపనే తొడుగవలెను.

సంఘము చేయదగిన పని

మంచి బూటు వెల ఒక్కనికి భారము. కాని విత్తనములను, ఎరువులను కలిసి కొనుట మన మెఱుగుదుము. పాదరక్షలు కలిసి కొనుట ఏల కూడదు? ప్రతి సభ్యుడును తన పాదముల గీత గీసిన కాగితమును, ఇంటి స్త్రీల పాదముల కాగితములను వైశాఖ మాసాంతమునకు సంఘ కార్యాలయమున నొసగినచో, టోకుగ తెప్పించుటయు, కొలత తప్పినవి మార్పించుటయు, సొమ్ము పంట చేతికి వచ్చిన పిదప జమకట్టుకొనుటయు అసాధ్యములు కావు. పాలకవర్గమువారు ఈ విషయమును రాబోవు సమావేశమున ఆలోచింతురుగాక. పాలేరులకును, కూలికి వచ్చు తల్లులకును జోళ్ళు కొనియిచ్చుట ఆసామికి ధర్మమనియు ఇందుమూలముగ మనవి చేయుచున్నాను. వారి కాలు గట్టు దిగనిచో మన చేను పండదు.

ఎద్దు గిట్టకు పసుపు పూయు చేతితోనే, ఈ ఏరువాకకు, మన పాదములను గూర్చియు ఒకసారి తలంతము.