స్వర్గం ఉందన్న నమ్మకంతోనే ప్రాణమిస్తారా?

కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్లి వీరుల తిరునాళ్ల చూసొచ్చిన పిల్లలు మా వినుకొండలో తరచూ అడిగే ప్రశ్న ఇది. చచ్చాక స్వర్గానికి పోతామన్న ధీమా లేకపోతే ఆ పల్నాటి వీరులు అలా ప్రాణాలిచ్చేవాళ్లా? కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. నిదానంగా చూద్దాం.

ముందు ఒక రాయి దగ్గరికి వెళదాం. ఊరి చివరో చేనుగట్టునో, పోరులో చచ్చినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, వీరగల్లులు కనిపిస్తుంటాయి. అన్నీ ఒకేలా ఉండవుగానీ, వివరంగా చెక్కిన రాతిమీద మూడు అంతస్తులుంటాయి. కింద కత్తి ఎత్తి పోరాడుతున్న మనిషి. నడుమ అతన్ని చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పైన శివలింగం ముందు చేతులు జోడించి అదే మనిషి. కిందినుంచి పైకి చదువుకోవాలి. అక్షరం రాని పశులకాపరికి కూడా అర్థమయ్యే చదువు అది. చచ్చినవాడు ఆ రాయిని చూడడు, రోజూ ఆ దారిన పోయే కుర్రాడు చూస్తాడు. రాజుకు సైన్యం కావాలి, ఊరికి మందను కాపాడేవాడు కావాలి. అందుకే రాయి నిలబెట్టారు, పోయినవాడి ఇంటివాళ్లకు మాన్యాలూ ఇచ్చారు. వీరస్వర్గం ఆశ ఒక్కటే చాలనుకుంటే ఆ మాన్యం ఎందుకు?

అయినా నమ్మకానికి బలం లేదనను. శ్రీశైలంలో వీరశిరోమండపం ఉంది. 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించాడు. అక్కడ భక్తులు శివుడి కోసం తమ తలలు, నాలుకలు తామే కోసుకునేవారు. శత్రువు లేడు, యుద్ధం లేదు. మన ఊరిపేరు మోసిన వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’లో కూడా ఓరుగల్లు వీధుల్లో మైలారదేవుని వీరభటులు చేసే భయంకరమైన సాహసాలున్నాయి. ఆ కాలపు మనిషికి శివసాన్నిధ్యం పక్క ఊరంత నిజం. అది ఉత్తమాట అయితే ఎవరూ మెడమీద కత్తి పెట్టుకోరు.

కారెంపూడి కథకొస్తే లెక్క మారుతుంది. 1182 ప్రాంతంలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధానికి యువవీరుడు బాలచంద్రుడు బయల్దేరినప్పుడు వెంట నడిచినవాళ్లు వేర్వేరు కులాలవాళ్లు, అన్నదమ్ముల్లా కలిసి పెరిగినవాళ్లు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. అతను యుద్ధంలో చస్తే బ్రహ్మహత్య తన మెడకు చుట్టుకుంటుందని బాలచంద్రుడు భయపడ్డాడు. ఇంటిదగ్గర నగ మరిచానని చెప్పి వెనక్కి పంపాడు. అనపోతు తిరిగొచ్చేసరికి వీళ్లు లేరు. తనను కావాలనే వదిలేసి వెళ్లారని తెలిసింది. అక్కడే తన ప్రాణం తానే తీసుకున్నాడు. పల్నాటి కథలో నన్ను బాగా కుదిపేసే చోటు ఇదే. ఇంకా యుద్ధమే మొదలుకాలేదు. రణంలో పడితేగదా వీరస్వర్గం! అతను స్వర్గాన్ని లెక్క చూసుకోలేదు. వాళ్లందరూ వెళ్లాక తానొక్కడే మిగలడం భరించలేకపోయాడు.

మరి పరలోకం ఊసే లేని చోట ప్రాణమిచ్చేవాళ్లు ఉండరా? ఉన్నారు. పుల్లరి కట్టబోమని తిరగబడ్డ మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు ఒరిగాడు. అడవిలో పశువులు మేసినందుకు కట్టమన్న పన్ను మీద పోరు అది. శ్రీలంకలో ఎల్‌టీటీఈ స్వర్గం ఇస్తామని ఎవరికీ చెప్పిన సంస్థ కాదు. అయినా 1987 నుంచి దాని బ్లాక్ టైగర్లు ఆత్మాహుతి దాడులు చేశారు. స్వర్గం చెప్పని ఆ సంస్థ కూడా చచ్చినవాళ్లకు రాళ్లు నిలబెట్టింది, ఏటా నవంబరు 27న దీపాలు వెలిగించింది. వీరగల్లులు చూసిన మనకు ఇది తెలియని పద్ధతేం కాదు. మరి అలా తెగించేలా చేసేదేమిటి? ఇరాక్‌లో ఐసిస్ మీద ముందువరసలో పోరాడినవాళ్లను అడిగి తెలుసుకున్న మానవశాస్త్రవేత్త స్కాట్ ఆట్రాన్ బృందం 2017లో ఏం చెప్పింది? ప్రాణాలకు తెగించేవాళ్లలో రెండు కనిపిస్తాయంది: పక్కవాళ్లతో విడదీయరాని బంధం, దేనికీ మార్చుకోలేని ఒక విలువ. ఆ విలువ మతం కావచ్చు, నేల కావచ్చు.

నాకు అర్థమైనంతలో, స్వర్గం చావుభయాన్ని తగ్గిస్తుంది. కదనంలోకి నడిపించేది మాత్రం వెంట ఉన్నవాళ్లు. ఇక మనిషి అసలు కోరుకునే పరలోకం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, తన పేరు పలికే నోళ్లలో. అందుకే యువకులకు స్వర్గం చూపించి చావుకు పంపేవాళ్లంటే నాకు కోపం. వాళ్లు వాడుకునేది ఆ కుర్రవాడి భక్తిని మాత్రమే కాదు, స్నేహితుల మీద వాడికున్న ప్రేమను కూడా.

కారెంపూడిలో ఆ పేర్లు ఇంకా పలుకుతూనే ఉన్నారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని తిరునాళ్ల అయిదు రోజులు. ఊళ్లనుంచి వీరపూజ చేసే ఆచారవంతులు తమ వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చి నాగులేటి నీళ్లలో కడుగుతారు. కల్లిపాడు రోజున ఊగుతూ ఊగుతూ వీరుల్లాగే నేలకొరుగుతారు. చుట్టూ జనం ఒక్కసారిగా నిశ్శబ్దమవుతారు. కాసేపటికి లేచి, ఒంటికంటిన దుమ్ము దులుపుకుని, కొణతాలు భుజాన వేసుకుని ఇళ్లకు తిరిగిపోతారు, మళ్లీ కార్తీకం వచ్చేదాకా.