సావనీరు పేజీ నెత్తిన ఎవరి పేరు?

తెలుగు సంఘాల సావనీరు పని మీద వేసుకున్నవారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. కథలు రాబట్టడం, ప్రకటనలు పోగెయ్యడం ఒక ఎత్తు. ప్రతి పేజీ పైనా రచన పేరు, రచయిత పేరు సరిగ్గా కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. నేనెరిగిన ఒక సంచికలో ఓ పెద్దాయన రాసిన మూడు పేజీల జ్ఞాపకాల మీద అంతకు ముందున్న కవిగారి పేరు అచ్చయింది. పాత పేజీని కాపీ చేసినవారు పైనున్న పేరు మార్చలేదు, అంతే. ఆయనకు అచ్చులో అదే మొదటి రచన. వెయ్యి కాపీలు పంచేశాక ఎవరికి ఏమని చెప్పుకోవాలి?

ఈ పనిని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికి అప్పగించే వీలు ఇన్‌డిజైన్‌లో 2007 నాటి సీఎస్3 నుంచీ ఉంది. పేరు టెక్స్ట్ వేరియబుల్స్. టైప్ మెనూలో ఉంటాయి. వీటిలో మనకు ఎక్కువగా పనికొచ్చేది రన్నింగ్ హెడర్. రచన పేర్లన్నిటికీ ఒక పేరాగ్రాఫ్ స్టైల్, రచయితల పేర్లకు మరొకటి ఇవ్వండి. ఆ స్టైల్‌లో ఉన్న మాటలు తెచ్చి పెట్టమని రెండు వేరియబుల్స్ తయారుచేసి, మాస్టర్ పేజీలో (కొత్త వెర్షన్లలో దీన్నే పేరెంట్ పేజీ అంటున్నారు) పెట్టండి. ఇక ప్రతి పేజీ తన పేరు తనే వెతుక్కుంటుంది. చివరి నిమిషంలో ఎవరైనా "కథ పేరు మార్చానండీ" అని ఈమెయిల్ పెట్టినా, మీరు మార్చేది ఒక్కచోటే.

అలాగని నిశ్చింతగా నిద్రపోకండి. ఆ స్టైల్‌లో ఉన్న మాట పేజీలో దొరక్కపోతే, వేరియబుల్ వెనక్కి వెళ్ళి అంతకు ముందు కనబడ్డదాన్నే తెస్తుంది. కథ రెండో పేజీకీ, మూడో పేజీకీ పేరు వచ్చేది ఈ గుణం వల్లే. కానీ ఒక రచయిత పేరుకి స్టైల్ ఇవ్వకుండా చేత్తో బోల్డు చేసి వదిలేశారనుకోండి, ఆ రచన పొడుగునా ముందాయన పేరే నడుస్తుంది! పైన చెప్పిన పొరపాటే మళ్ళీ వస్తుంది, ఈసారి యంత్రం చేతుల మీదుగా. అందుకని అచ్చుకి పంపే ముందు విషయసూచిక పక్కన పెట్టుకుని, ప్రతి రచన మొదటి పేజీ పైనున్న పేరు ఒక్కసారి సరిచూడాలి. ఒకే పేజీలో రెండు కవితలుంటే పేజీలో మొదటిది కావాలా, చివరిది కావాలా అన్నది కూడా మీరే చెప్పాలి. నిఘంటువుల్లో పేజీ పైన మొదటి మాట, చివరి మాట కనిపిస్తాయే, అలాంటివి చెయ్యడానికి ఆ రెండూ కావాలి.

తెలుగుకి సంబంధించిన చిక్కులు వేరే. వేరియబుల్ మాటల్ని మాత్రమే మోసుకొస్తుంది, ఫాంటుని కాదు. శీర్షిక పాత అను ఫాంటులో ఉండి, పేజీ పైభాగం ఏ ఇంగ్లీషు ఫాంటులోనో ఉంటే అక్కడ కనబడేది తెలుగు కాదు, ఏవో పిచ్చి గీతలు. యూనికోడులో కూర్చినా, పైనున్న పేరాకి కూడా వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. వ్యాసం పేరాలకి పెట్టుకుని పైన మరిచిపోవడం మామూలే. ఇంకొకటి, వేరియబుల్‌లో వచ్చిన మాటలన్నిటినీ ఇన్‌డిజైన్ పాత వెర్షన్లు ఒకే అక్షరంలా లెక్కేసి, రెండో వరసకి విరవకుండా ఒక్క వరసలోనే ఇరికిస్తాయి. మనవాళ్ళ శీర్షికలు చిన్నవిగా ఉండవు కదా! అలాంటి పొడుగు పేర్లకి రచనలోనే పొట్టి రూపానికి ఒక క్యారెక్టర్ స్టైల్ ఇచ్చి, దాన్ని పట్టుకునే వేరియబుల్ వాడటం మేలు.

వర్డ్‌లో పని కానిచ్చేవారికి స్టైల్‌రెఫ్ అనే ఫీల్డ్ ఉంది. దాదాపు ఇదే పని చేస్తుంది. చిన్న సంచికకి అది చాలు, ఇన్‌డిజైన్ చందా డబ్బు మిగులుతుంది.

అన్నట్టు, తేదీ వేరియబుల్ కూడా చిన్నచూపు చూడకండి. కూర్పు డాలస్‌లో, ప్రూఫులు దిద్దేవారు హైదరాబాదులో, బొమ్మలు వేసేవారు లండన్‌లో ఉంటే, ఎవరు ఏ ప్రూఫు చూసి తప్పులు రాశారో తేల్చడమే సగం పని. పేజీ అంచు బయట ఫైలు పేరు, అవుట్‌పుట్ తేదీ పెట్టండి. పీడీఎఫ్ తీసిన ప్రతిసారీ తేదీ దానంతటదే మారుతుంది. అయితే నెలని అంకెలో వెయ్యకండి. 05/06 అంటే డాలస్‌లో మే ఆరు, హైదరాబాదులో జూన్ అయిదు. నెల పేరు వచ్చే ఫార్మాటు ఎంచుకుని, పక్కన గంట కూడా చేర్చండి. ఒకే రోజున మూడు ప్రూఫులు పంపే రోజులు సావనీరు ఆఖరి వారంలో తప్పవు.