స్వాహిలీ మాటలు, మన మాటలు



జమాఖర్చుల వివరాలతో పాటు ఈ సంచికలో నలుగురికీ పనికొచ్చే ఒక వ్యాసం ఉండాలని మా కోరిక. ఈసారి సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న ఒక భాష గురించి రాస్తున్నాము. మన సంఘం పనికీ, ఆఫ్రికా భాషకూ ఏమి సంబంధమని మీకు అనిపించవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

స్వాహిలీ తూర్పు ఆఫ్రికా భాష. టాంజానియా, కెన్యా దేశాలలో అధికార భాష. యునెస్కో 2021లో జూలై 7ను ప్రపంచ స్వాహిలీ భాషా దినంగా ప్రకటించింది. అరబ్బీలో 'సాహిల్' అంటే సముద్రతీరం, దాని బహువచనం 'సవాహిల్'. స్వాహిలీ అనే పేరు అక్కడినుంచే వచ్చింది. అంటే తీరవాసుల భాష అన్నమాట. మైపాడు, కృష్ణపట్నం ఉప్పుగాలి పీల్చే మనమూ తీరవాసులమే కదా!

ఈ భాష వ్యాకరణం ఆఫ్రికాలోని బంటూ భాషలది. మాటలలో మాత్రం అరబ్బీ చాలా ఉంది. అరబ్బు, పారశీక వర్తకులు రుతుపవనాలను నమ్ముకుని వందల ఏళ్లు జాంజిబార్, మొంబాసా రేవులకు ఓడలు నడిపారు. సరుకుతో పాటు మాటలూ దిగాయి. ఆ వర్తకులు మన తీరాన్నీ ఎరుగుదురు. 14వ శతాబ్దం మొదట్లో పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, మాబర్ అనే తీరదేశం కొల్లం నుంచి 'నీలావర్' దాకా ఉందని రాశాడు. ఆ నీలావర్ మన నెల్లూరే. అయితే మనకు ఈ మాటలు ఎక్కువగా నేల దారిన, నవాబుల కచేరీల ద్వారా వచ్చాయి. ఆర్కాటు నవాబుల కాలంలో కచేరీ భాష ఫార్సీ. 1801లో నెల్లూరు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయినా సర్కారు, వకీలు, వసూలు, జవాబు వంటి మాటలు మన నోళ్లలోనే ఉండిపోయాయి.

కొన్ని స్వాహిలీ మాటలు, వాటి వాడుక చూడండి:

హబారి: కబురు. పలకరింపుగా "హబారి గానీ?" అంటారు, అంటే "ఏమి కబురు?" అని. బాగుంటే "న్జూరి" అని బదులిస్తారు.

దుకా, దవా: దుకాణం, మందు. "దుకా లా దవా" అంటే మందుల దుకాణం. మన దవాఖానాలో ఉన్నదీ ఈ దవాయే.

బందారి: ఓడరేవు. మచిలీపట్నాన్ని మనం బందరు అంటున్నది ఈ మాటతోనే.

నంగా: లంగరు.

సెరికాలి: ప్రభుత్వం, మన సర్కారు.

కలాము, జవాబు, వకీలి: కలం, జవాబు, వకీలు.

బీమా, హుండి: ఈ రెండూ మన దేశపు వర్తకులతో అటు వెళ్లినవి. బీమా అర్థం మారలేదు. హుండి అంటే అక్కడ బ్యాంకు చెక్కు. ఒకప్పుడు మన షావుకార్లు రాసిన హుండీలు కూడా అటువంటి కాగితాలే.

ఇందులో ఒక తమాషా ఉంది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలకాలి. స్వాహిలీ కూడా అంతే. అందుకే అరబ్బీ 'జవాబ్' చివర ఇక్కడా ఉకారం చేరింది, అక్కడా ఉకారమే చేరింది. 'కితాబ్' అక్కడ 'కితాబు' అయింది. పైగా స్వాహిలీలో 'కి'తో మొదలయ్యే మాటలకు బహువచనంలో 'వి' వస్తుంది కనుక, పుస్తకాలను వాళ్లు 'వితాబు' అంటారు. వచ్చిన మాటను ఎవరి పద్ధతిలో వారు సొంతం చేసుకున్నారు.

అర్థాలు తేడాపడిన చోట జాగ్రత్త అవసరం. మనకు హకీం అంటే యునానీ వైద్యుడు. అక్కడ 'హకిము' అంటే న్యాయాధికారి. మనం 'సవాలు' విసురుతాము. అక్కడ 'స్వాలి' అంటే ప్రశ్న మాత్రమే. "నీనా స్వాలి" అంటే "నాకొక ప్రశ్న ఉంది" అని. కయ్యానికి పిలుస్తున్నాడని అనుకోకూడదు!

ఇక మన సంఘం పనికి వద్దాము. జకాత్‌ను వాళ్లు 'జకా' అంటారు, సదఖాను 'సదాకా', యతీమ్‌ను 'యతీమా', మిస్కీన్‌ను 'మస్కీని' అంటారు. వీటి అర్థం ఏ ఒడ్డునా మారలేదు. అలా నిలిచిన మాటలలో ముఖ్యమైనది 'హాకి', మన హక్కు. రెండింటికీ మూలం అరబ్బీ 'హఖ్'. మానవ హక్కులను స్వాహిలీలో "హాకి జా బినాదాము" అంటారు. 'బినాదాము' అంటే ఆదం బిడ్డ. మనిషి అనడానికి వాళ్ల మాట అదే.

మన సంపదలో అడిగేవారికీ, అడగలేనివారికీ 'హఖ్' ఉందని ఖుర్ఆన్ బోధిస్తుంది. తెలుగులో రోజూ హక్కు అంటూనే, సాయం చేసేటప్పుడు మాత్రం ఆ మాట మరచిపోతుంటాము.

సాయం అందుకున్నవారి ఫోటోలు సంచికలో ఎందుకు వేయడం లేదని కొందరు దాతలు అడిగారు. వారు అడగడంలో తప్పు లేదు. ఇచ్చిన సొమ్ము చేరిందో లేదో తెలుసుకోవడం దాతల హక్కు. అందుకే లెక్కలన్నీ అచ్చు వేశాము, రసీదులు ఎప్పుడైనా చూడవచ్చు. కానీ బిడ్డ ఫీజు కోసం వచ్చిన తల్లి తన హక్కును తాను తీసుకున్నప్పుడు, కెమెరా ముందు తల వంచుకుని నిలబడవలసిన పని లేదు. రేపు ఆ బిడ్డ క్లాసులో ఎవరో ఈ సంచిక తెరిచి చూపితే ఆ చదువుకు మనం చేసిన మేలు ఏముంటుంది?

మన బారాషహీద్ దర్గా రొట్టెల పండుగనే చూడండి. స్వర్ణాల చెరువులో రొట్టె ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే నీటిలో నిలబడతారు. కోరిక తీరితే, ఈ ఏడు పుచ్చుకున్న చెయ్యే వచ్చే ఏడు ఇస్తుంది.

చివరగా ఇంకొక మాట, 'అమానా'. నమ్మి అప్పగించిన సొత్తు అని అర్థం. మనం అమానతు అంటాము. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానతే. ఆ రూపాయి అందుకున్నవారి పరువు కూడా మాకు అమానతే. రెండింటినీ కాపాడే శక్తిని అల్లాహ్ మాకు ప్రసాదించాలని దుఆ చేయండి.

స్వాహిలీలో కృతజ్ఞతలు చెప్పడానికి "అసంతే" అంటారు.